నీలాకాశం కింద చెడ్డ గాలి



ఈ నెల నాకు వచ్చిన ఉత్తరాలలో ఒకటి తెనాలి నుంచి వచ్చింది. రాసింది ఎనిమిదో తరగతి చదివే ఒక అమ్మాయి. ఆమె మేనత్తా వాళ్ళు అమెరికాలో న్యూజెర్సీ అనే రాష్ట్రంలో ఉంటున్నారు. అక్కడ తెలుగు కుటుంబాలు చాలా ఉన్నవి గనక మీలో కొందరికి కూడా ఆ ఊళ్ళలో చుట్టాలుండవచ్చు. మేనత్త కొడుకు ఈమెకంటె నెల్లాళ్ళు పెద్ద. వాడికి ఉబ్బసం ఉన్నది. ఇక ఉత్తరంలోని ముఖ్యమైన భాగం చూడండి:

"2023 జూన్ నెలలో అక్కడ ఆకాశమంతా నారింజ రంగుకు తిరిగింది. పట్టపగలు దీపాలు వేసుకున్నారు. అప్పుడు మా బావను బయటికి పోనివ్వలేదు. అది సబబే. కాని కిందటి వేసవిలో ఒకనాడు ఆకాశం కడిగిన అద్దంలాగ ఉన్నదట. మబ్బు లేదు, పొగ లేదు. అయినా వేసవి క్యాంపు వాళ్ళు మధ్యాహ్నం ఆటలు మాన్పించి పిల్లలను లోపల కూచోబెట్టారు. బావ ఫోనులో ఏడ్చినంత పని చేశాడు. మామయ్య, 'ఉత్త చాదస్తం! పొగ ఉన్ననాడు సరే. గాలి ఇంత శుభ్రంగా ఉన్ననాడు కూడా పిల్లలను దాచిపెడితే వాళ్ళు ఆడుకునేదెప్పుడు?' అని కోప్పడ్డాడు. మేష్టారూ, మామయ్యది ఒప్పా? క్యాంపు వాళ్ళది ఒప్పా?"

క్యాంపు వాళ్ళదే ఒప్పు. అయితే మామయ్య అడిగింది కొట్టిపారేయదగిన ప్రశ్న కాదు. కంటికి కనిపించేదాన్ని నమ్మటం మనుషులందరికీ అలవాటు. ఆకాశం నల్లగా ఉంటే వాన వస్తుందంటాం, నీళ్ళు తేటగా ఉంటే తాగవచ్చునంటాం. గాలి విషయంలో మాత్రం కన్ను సగం సాక్ష్యమే చెబుతుంది. వేసవికాలంలో గాలిని చెడగొట్టేవి రెండున్నవి. ఒకటి కనపడుతుంది, రెండోది కనపడదు. ఈ రెంటినీ వరసగా చూద్దాం.

ముందు కనపడేదాని సంగతి. కెనడా దేశంలో క్విబెక్ అనే పెద్ద రాష్ట్రం ఉన్నది. అందులో సూదుల్లాంటి ఆకులుగల చెట్ల అడవులు చాలా ఉన్నవి. వాటి ఆకులలోనూ, బెరడులోనూ జిగురూ నూనే ఉంటవి. ఎండితే కాగడాలే అనుకోండి. 2023 జూన్ మొదటి రోజులలో అక్కడ పిడుగులు పడి ఎన్నోచోట్ల ఒక్కసారే నిప్పంటుకున్నది. ఆ ఏడు కెనడా మొత్తం మీద కాలిపోయిన నేల సుమారు ఒకటిన్నర కోటి హెక్టార్లు. మన ఆంధ్రప్రదేశ్ విస్తీర్ణం 1 కోటి 63 లక్షల హెక్టార్లు. అంటే శ్రీకాకుళం నుంచి చిత్తూరు దాకా, అనంతపురం నుంచి బందరు దాకా మొత్తం అడవే అనుకుని, అదంతా కాలిపోయిందనుకుంటే ఎంతో, దానికి కొంచెం తక్కువన్నమాట.

సరే, అడవి క్విబెక్‌లో కాలితే పొగ న్యూయార్కుకూ, న్యూజెర్సీకీ ఎందుకు రావాలి? మధ్య దూరం వెయ్యి కిలోమీటర్ల దాకా ఉన్నది. దీనికి జవాబు మన కోస్తా పిల్లలకు సులభంగా అర్థమవుతుంది. ఆ రోజులలో కెనడా తూర్పు తీరం దగ్గర ఒక అల్పపీడనం వచ్చి కదలకుండా కూచున్నది. భూమధ్యరేఖకు ఉత్తరాన ఉన్న దేశాలలో అల్పపీడనం చుట్టూ గాలి గడియారపు ముల్లు తిరిగే దిశకు ఎదురుగా తిరుగుతుంది. ఒక కాగితం మీద చుక్క పెట్టి, దాని చుట్టూ అట్లా బాణాలు గీసి చూడండి. చుక్కకు పడమటి వైపున బాణం ఉత్తరం నుంచి దక్షిణానికి దిగుతుంది గదా! ఆ బాణం తోక దగ్గర క్విబెక్ అడవులున్నవి, మొన దగ్గర న్యూయార్కు ఉన్నది. పొగకు అంతకంటె మంచి రోడ్డు ఎవరు వేస్తారు?

జూన్ 7వ తేదీన న్యూయార్కులో ఎత్తయిన మేడలు మాయమైనవి. నగరంలో జరగవలసిన బేస్‌బాల్ పోటీ వాయిదా పడింది. దారి కనపడక విమానాలు ఆలస్యమైనవి. గాలి చెడును కొలిచే అంకె మామూలుగా 50 ప్రాంతాల ఉండేది ఆనాడు 400 దాటింది. ఆకాశం నారింజ రంగుకు ఎందుకు తిరిగిందంటారా? పొగలోని సన్నని రేణువులు వెలుతురులోని నీలం వన్నెను అటూ ఇటూ చెదరగొట్టి, ఎరుపునూ పసుపునూ ఎక్కువగా మన దాకా రానిచ్చినవి.

ఇటువంటిది అక్కడ జరగటం అదే మొదలు కాదు. 1780 మే 19వ తేదీన ఆ దేశపు ఈశాన్య మూల ఊళ్ళలో మధ్యాహ్నం వేళకు చీకటి పడింది. జనం కొవ్వొత్తులు వెలిగించుకుని భోజనం చేశారు. ప్రళయం వచ్చిందని చాలామంది దేవుణ్ణి ప్రార్థించారు. రెండు వందల ఏళ్ళు దాటిన తర్వాత శాస్త్రజ్ఞులు కెనడా అడవులలో పాతచెట్ల మొదళ్ళు కోసి, వలయాలు లెక్కపెట్టి, సరిగా ఆ కాలంలోనే వాటికి కాలిన మచ్చలున్నట్టు కనుక్కున్నారు. చెట్టు తన దినచర్య తానే రాసుకుని దాచిపెట్టిందన్నమాట! 1950 సెప్టెంబరులో ఇంకొక తమాషా జరిగింది. కెనడా పడమటి అడవుల పొగ అట్లాంటిక్ సముద్రం దాటి బ్రిటన్ మీదికి పోయింది. అక్కడివాళ్ళకు సూర్యుడూ చంద్రుడూ నీలంగా కనిపించారు. ఆ పొగలోని రేణువులన్నీ ఇంచుమించు ఒకే సైజులో ఉండటంచేత ఈసారి ఎరుపు చెదిరిపోయి నీలం మిగిలింది.

పొగ రంగులు చూడటానికి బాగానే ఉంటవి. చెరుపంతా ఆ రేణువుల సైజులో ఉన్నది. మిల్లీమీటరును వెయ్యి భాగాలు చేస్తే ఒక భాగం మైక్రాను. అడవి పొగలో ఎక్కువ రేణువులు రెండున్నర మైక్రాన్లకు లోపువే. మీ స్కేలు మీద ఒక్క మిల్లీమీటరు గీతకూ గీతకూ మధ్య రెండున్నర మైక్రాన్ల రేణువులు 400 పక్కపక్కన పడతవి. రోడ్డు మీది దుమ్మును ముక్కులోని వెంట్రుకలూ, జిగురూ పట్టుకుంటవి. ఇవి వాటికి దొరకవు. తిన్నగా ఊపిరితిత్తుల అడుగున ఉండే గాలి తిత్తుల దాకా పోతవి. మరీ సన్ననివి నెత్తురులోకి కూడా చేరతవి. అందుచేతనే పొగ వచ్చిననాడు ఊపిరి జబ్బులవాళ్ళకే కాక గుండె జబ్బులవాళ్ళకు కూడా ప్రమాదం.

ఇక కనపడనిదాని సంగతి. దాని పేరు ఓజోను.

"ఓజోను మంచిది గదా మేష్టారూ? అది మనకు గొడుగులాంటిదని సైన్సు పుస్తకంలో ఉన్నది" అంటారు మీరు. ఉన్నది, నిజమే. నేలకు 15 నుంచి 35 కిలోమీటర్ల ఎత్తున ఓజోను ఎక్కువగా ఉండి, సూర్యుడి కిరణాలలో మన చర్మాన్ని కాల్చేవాటిని ఆపుతుంది. అది అక్కడున్నంత కాలం మనకు రక్ష. అదే ఓజోను మన ముక్కు దగ్గరికి వస్తే శత్రువు. నిప్పు పొయ్యిలో ఉండటానికీ, పందిరిలో ఉండటానికీ తేడా లేదూ?

మనం పీల్చే ప్రాణవాయువు అణువులో ఆక్సిజన్ పరమాణువులు రెండుంటవి. ఓజోను అణువులో మూడుంటవి. ఇద్దరు కూచునే బెంచీ మీద మూడోవాడు ఇరుక్కున్నట్టు ఆ మూడోది ఎప్పుడు దిగిపోదామా అని చూస్తుంటుంది. దిగి, దగ్గర ఏది ఉంటే దానికి అంటుకుంటుంది. ఆకు దొరికితే ఆకును, రబ్బరు దొరికితే రబ్బరును, మీ శ్వాసనాళం దొరికితే దాని లోపలి పొరను కాలుస్తుంది. దీనికి ఘాటైన వాసన ఉన్నది. 1785లోనే హాలండు దేశపు వాన్ మారం అనే పండితుడు విద్యుత్తు పుట్టించే యంత్రం దగ్గర ఆ వాసన పసిగట్టాడు. 1839 ప్రాంతాల స్విట్జర్లాండులోని బాజెల్ నగరంలో షోన్‌బైన్ అనే ఆచార్యుడు ఇది కొత్త పదార్థమని చెప్పి, వాసన కొట్టేది అనే అర్థం వచ్చేలా గ్రీకు మాటతో దీనికి పేరు పెట్టాడు. పాత జిరాక్సు మిషన్లు ఎడతెరిపి లేకుండా పని చేస్తుంటే ఒక వింత వాసన వచ్చేది. అది ఇదే.

మరి యంత్రాలూ మెరుపులూ లేనిచోట, వీధిలో ఓజోను ఎవరు చేస్తున్నారు? ఈ దొంగను పట్టుకున్న కథ ఒకటున్నది. అపరాధ పరిశోధన కథలు ఇష్టపడేవాళ్ళు జాగ్రత్తగా వినండి.

అది 1943. యుద్ధం జరుగుతున్నది. జులై 26వ తేదీన అమెరికా పడమటి తీరాన ఉన్న లాస్ ఏంజెలిస్ నగరాన్ని ఒక మసక కమ్మేసింది. జనానికి కళ్ళు మండి నీళ్ళు కారినవి, గొంతులు గరగరలాడినవి. జపాను వాళ్ళు విషవాయువు వదిలారని కొందరు హడలిపోయారు. తర్వాత అది జపాను పని కాదని తేలింది. అయితే ఎవరి పని? ఊరి మధ్య కృత్రిమ రబ్బరుకు కావలసిన సరుకు తయారుచేసే ఫ్యాక్టరీ ఒకటి ఉన్నది. దాని మీద నేరం మోపి కొన్నాళ్ళు మూయించారు. మసక మళ్ళీ వచ్చింది! చమురు శుద్ధి చేసే కర్మాగారాలనన్నారు, ఇళ్ళ దొడ్లలో చెత్త కాల్చే గూళ్ళనన్నారు. ఇంతలో చుట్టుపక్కల రైతులు గగ్గోలు పెట్టసాగారు. వాళ్ళ పాలకూర ఆకులు వెండి పూత పూసినట్టయి చచ్చిపోతున్నవి. ఇంకొక వింత ఏమిటంటే, ఆ ఊళ్ళో మోటారు టైర్లు మిగతా ఊళ్ళలోకంటె తొందరగా బీటలు వారుతున్నవి.

దగ్గరలో ప్యాసడేనాలో కాల్‌టెక్ అనే గొప్ప విద్యాసంస్థ ఉన్నది. అక్కడ హాలండు నుంచి వచ్చిన హాగెన్-స్మిట్ అనే ఆచార్యుడు పనిచేస్తుండేవాడు. ఆయనకూ ఈ మసకకూ ఏమీ సంబంధం లేదు. ఆయన అనాసపండుకు ఆ కమ్మని వాసన ఎందుకు వస్తుందా అని పరిశోధిస్తున్నాడు. వాసనను పట్టటానికి గాలిని బాగా చల్లబరచిన గొట్టాలగుండా పోనిచ్చేవాడు. అప్పుడు గాలిలోని ఆవిర్లు బొట్లు బొట్లుగా పేరుకునేవి. ఆ గొట్టాలలోకే ఊళ్ళోని మసకగాలిని పోనిచ్చి చూస్తే? అట్లాగే చేశాడు. గోధుమరంగు కంపు ద్రవం కొన్ని చుక్కలు దొరికింది. దాన్ని పరీక్షిస్తే అందులో ఉన్నవి సగం కాలి మారిపోయిన పెట్రోలు ఆవిర్లని తేలింది.

ఆయన అక్కడితో ఆగలేదు. దొంగ దొరికితే చాలదు, దొంగతనం ఎట్లా చేశాడో చేయించి చూడాలి. పెట్రోలు ఆవిరినీ, మోటారు బండి పొగలో ఉండే నత్రజని ఆక్సైడునూ పాత్రలో కలిపి దాని మీద వెలుతురు పడనిచ్చాడు. పెట్టిన వస్తువులలో ఓజోను లేదు. కొంతసేపటికి ఓజోను పుట్టింది! అందులో వంచి పెట్టిన రబ్బరు ముక్కలు పగిలినవి. అందులో ఉంచిన మొక్కల ఆకులు రైతుల ఆకులలాగే పాడైనవి. 1950 తర్వాత రెండు మూడేళ్ళలో ఆయన ఈ సంగతులు ప్రకటించాడు. అంటే ఓజోనును ఏ గొట్టమూ బయటికి వదలటం లేదు. బండ్లు సరుకులు అందిస్తున్నవి, సూర్యుడు పొయ్యి వెలిగిస్తున్నాడు, వంట ఆకాశంలో జరుగుతున్నది.

చమురు కంపెనీల వాళ్ళు మొదట ఒప్పుకోలేదు. ఊళ్ళో ప్రతివాడూ తన కారును ఎంతో ముద్దుగా చూసుకునే రోజులవి, జనం మాత్రం సంతోషంగా ఒప్పుకుంటారా? నేరస్థుడు ఫ్యాక్టరీ అయితే అందరికీ బాగుండేది. కాని పదేపదే పరీక్షలు చేసి చూస్తే అదే తేలింది. ఆ తర్వాత పొగను శుభ్రపరిచే సాధనాలు బండ్లకు పెట్టమని చట్టాలు వచ్చినవి. హాగెన్-స్మిట్ స్వయంగా కాలిఫోర్నియా రాష్ట్రపు గాలి సంరక్షణ మండలికి మొదటి అధ్యక్షుడయాడు. ఈనాడు లాస్ ఏంజెలిస్‌లో బండ్లు ఆనాటికంటె ఎన్నో రెట్లు పెరిగినా ఓజోను ఆనాటికంటె బాగా తగ్గింది. పూర్తిగా పోలేదనుకోండి.

ఇప్పుడు తెనాలి అమ్మాయి బావ దగ్గరికి వద్దాం. ఆకాశం అద్దంలాగ ఉన్ననాడే వాడినెందుకు లోపల కూచోబెట్టారు? ఓజోను వండటానికి కావలసింది నిండు ఎండ. మబ్బులేని ఆకాశం దానికి చెరుపు కాదు, సాయం! దానికి తోడు గాలి వీచకపోతే సరుకులన్నీ ఒకేచోట నిలిచి ఉంటవి. పొద్దున్న ఆఫీసులకు పోయే బండ్లు సరుకు నింపుతవి. పొద్దెక్కేకొద్దీ వంట జోరందుకుంటుంది. మధ్యాహ్నం రెండు మూడు గంటలనుంచి సాయంకాలం దాకా ఓజోను పరాకాష్ఠలో ఉంటుంది. పొద్దు కుంకితే పొయ్యి ఆరిపోతుంది. క్యాంపు వాళ్ళు మధ్యాహ్నం ఆటలే ఎందుకు మాన్పించారో తెలిసిందా?

అమెరికాలో 8 గంటల సగటున నూరు కోట్ల గాలి అణువులలో ఓజోను అణువులు 70 మించరాదని 2015లో హద్దు పెట్టారు. లెక్క వేసి చూడండి. కోటి అణువులలో పూర్తిగా ఒకటి కూడా కాదు! అంత కొంచెంలో ఏముంటుందని అడగకండి. నూరు కోట్ల మంది ఉన్నచోట 70 మంది కొరివిదెయ్యాలు తిరుగుతుంటే ఎట్లా ఉంటుందో ఆలోచించుకోండి.

ఇందులో ఒక విచిత్రం చెప్పకుండా ఉండలేను. బండ్లు ఎక్కువగా తిరిగే నడివీధిలో ఓజోను ఎక్కువగా ఉండాలి గదా? ఉండదు! బండి గొట్టం నుంచి అప్పుడే వచ్చిన నైట్రిక్ ఆక్సైడ్ ఓజోనును తినేస్తుంది. అందుకని నడివీధిలో ఓజోను తక్కువగా ఉండి, గాలి తీసుకుపోయిన చోట, ఊరి బయటా, పక్క జిల్లాలోనూ ఎక్కువవుతుంది. న్యూయార్కు బండ్లు వదిలిన సరుకు సముద్రపు పాయ మీదుగా పోతూ పోతూ ఎండలో ఉడికి, అవతల కనెక్టికట్ రాష్ట్రపు తీరాన ఉన్న చిన్న ఊళ్ళ మీద దిగుతుంది. పాపం, వంట ఒకరిది, అజీర్తి ఇంకొకరిది. నడివీధి గాలి మంచిదని మాత్రం అనుకోకండి. అక్కడ ఓజోనుకు బదులు వేరే విషాలుంటవి.

కనపడే పొగా, కనపడని ఓజోనూ వేరువేరని చెప్పాను గాని, ఈ రెండూ చెయ్యి కలిపే రోజులు కూడా ఉన్నవి. అడవి పొగతోబాటు రకరకాల ఆవిర్లు కూడా ప్రయాణం చేస్తవి. అవి నగరం మీదికి వచ్చేసరికి బండ్ల నత్రజని ఆక్సైడులు అక్కడ సిద్ధంగా ఉంటవి. ఎండ తగలగానే ఓజోను మామూలుకంటె ఎక్కువ పుడుతుంది. పొగ మరీ దట్టంగా ఉంటే ఎండనే ఆపేస్తుంది గనక ఓజోను తగ్గవచ్చు. అందుచేత ఆకాశం నారింజ రంగులో ఉన్ననాటి సంగతి అందరికీ తెలుస్తుంది. పల్చగా, పాలు కలిపినట్టు ఉన్ననాడే మోసం. పొగ తగ్గిందని తల్లిదండ్రులు పిల్లలను వదిలేస్తారు. ఆనాడు రేణువులూ ఉంటవి, ఓజోనూ ఉంటుంది.

మీరు ఊరికే కూచుంటే నిమిషానికి ఆరేడు లీటర్ల గాలి పీలుస్తారు. పరుగెత్తితే దానికి ఎన్నో రెట్లు పీలుస్తారు. పైగా నోరు తెరిచి, లోతుగా పీలుస్తారు. అందుచేత ఓజోను ఉన్ననాడు చెట్టు కింద కూచుని చదరంగం ఆడేవాడికంటె ఎండలో బంతి వెంట పడేవాడికి అపకారం ఎక్కువ. ఉబ్బసం ఉన్న పిల్లల శ్వాసనాళాలు ముందే వాచి ఉంటవి, కొంచెం గిల్లితే ముడుచుకుపోతవి. వాళ్ళకు ఆయాసం అప్పుడే రాకపోవచ్చు. ఆ రాత్రి రావచ్చు, మర్నాడు రావచ్చు. "మధ్యాహ్నం బాగానే ఆడాడే!" అని పెద్దవాళ్ళు ఆశ్చర్యపడేది ఇందుకే. కాబట్టి అమ్మాయీ, మామయ్యకు ఈ మాట రాయి: వేసవిలో ఆటలు అసలే మాన్పించనక్కర లేదు, పొద్దున్న పది గంటల లోపల ఆడిస్తే చాలు. క్యాంపు వాళ్ళను తిట్టే బదులు బంతి ఆటను ఉదయానికి మార్చమని అడగమను. ఇన్‌హేలరు బావ సంచీలోనే ఉండాలి. అది పెద్దవాళ్ళ బీరువాలో ఉంటే లాభం లేదు.

పెద్దలకు ఇక్కడ రెండు మూడు మాటలు చెప్పాలి. పొగకూ ఓజోనుకూ మందు ఒకటి కాదు. ఓజోను తలుపులు మూసిన ఇంట్లో గోడలకూ గుడ్డలకూ తగిలి చాలావరకు విరిగిపోతుంది. గనక మధ్యాహ్నం లోపల ఉంటే చాలావరకు తప్పించుకున్నట్టే. పొగ రేణువులు అట్లా కాదు, కిటికీ సందులలోంచి వచ్చి లోపల తిరుగుతుంటవి. వాటిని పట్టటానికి మంచి జల్లెడగల గాలి యంత్రం కావాలి. బయటికి పోక తప్పకపోతే ముఖానికి సరిగా అతుక్కునే ఎన్-95 మాస్కు కావాలి. ముక్కుకు అడ్డం పెట్టుకున్న పైటకొంగూ, తడి రుమాలూ రెండున్నర మైక్రాన్ల రేణువును ఆపలేవు. ఇక ఓజోను వాయువు గనక దాన్ని రేణువులను పట్టే మామూలు మాస్కు ఆపదు. అన్నిటికంటె ముఖ్యం, గాలిని శుభ్రం చేస్తుందని చెప్పి ఓజోనును పుట్టించే యంత్రాలు కొన్ని అమ్ముతున్నారు. ఇంటికి దొంగను పిలిచి తాళంచెవి ఇవ్వటం వంటిది అది. కొనకండి.

కంటికి కనపడనిదాన్ని తెలుసుకోవటానికి ఏదో ఒక గుర్తు ఉండాలి గదా. అమెరికాలో కొన్ని బడులలో ఆనాటి గాలినిబట్టి రంగు జెండా ఎగరేస్తారు. ఆకుపచ్చ అయితే మంచిది. తర్వాత పసుపు, నారింజ, ఎరుపు, ఊదా. తెనాలి అమ్మాయి బావ అడిగి చూస్తే ఆనాటి రంగు బహుశా నారింజ అని చెబుతారు. నారింజ అంటే అందరికీ కాదు, పిల్లలకూ, ముసలివాళ్ళకూ, ఉబ్బసం వంటివి ఉన్నవాళ్ళకూ చెడ్డదని అర్థం.

మన దేశంలో కూడా 2014లో గాలి సూచి ఏర్పాటు చేశారు. అందులో ఓజోనుతో సహా 8 పదార్థాలు లెక్కలోకి వస్తవి. ఇది మీ మార్కులలాగ సగటు కాదు సుమా! ఏ పదార్థం అన్నిటికంటె ఎక్కువ చెడ్డగా ఉందో దాని అంకే ఆనాటి సూచి. హైదరాబాదులో సనత్‌నగర్, జూపార్కు వంటిచోట్ల కొలిచే యంత్రాలున్నవి, విశాఖపట్నంలో కూడా ఉన్నది. ఎవరైనా ఫోనులో చూడవచ్చు. కాని అమెరికాలో ఉన్న అన్నయ్య అంకెనూ, ఇక్కడి మన అంకెనూ పక్కపక్కన పెట్టి పోల్చకండి. 160 అంటే వాళ్ళ లెక్కలో ఎరుపు, అందరికీ చెడ్డ. మన లెక్కలో అదే 160 మధ్యరకం! ఆ గాలి అక్కడి ఊపిరితిత్తులకు ఎంతో ఇక్కడి ఊపిరితిత్తులకూ అంతే. గీతలు గీసిన చోట్లు వేరు. ఇక్కడి ఉబ్బసం పిల్లల తల్లిదండ్రులు 'మధ్యరకం' అనే మాట చూసి ధీమాగా ఉండకుండా, 100 దాటిందంటేనే ఆటల వేళ మార్చటం మంచిదని నా అభిప్రాయం.

ఇంకొకటి. వేసవి మొదట్లో మన నల్లమలలో కూడా ఎండుటాకులు కాలుతుంటవి. ఉపగ్రహాలు ఆ మంటలను పైనుంచి చూసి చెబుతవి. అటువంటి ఉపగ్రహాల కబుర్లు అందుకునే పెద్ద కేంద్రం ఒకటి హైదరాబాదు దగ్గర షాద్‌నగర్‌లోనే ఉన్నది. దాని సంగతి వేరే నెలలో చెబుతాను.

చివరకు మీకొక పని. హాగెన్-స్మిట్ చేసినటువంటిదే, మీ ఇంట్లో చేయవచ్చు. కొత్త రబ్బరు బ్యాండులు రెండు తీసుకోండి. రెండు చెక్కముక్కలకు రెండేసి మేకులు కొట్టి, బ్యాండు మామూలు పొడుగుకు రెట్టింపు సాగేలా ఒక్కొక్కదానికి తగిలించండి. ఒక చెక్కను బిగుతుగా మూతపడే గాజు సీసాలో పెట్టి బీరువాలో ఉంచండి. రెండోదాన్ని వరండాలో, ఎండా వానా తగలని నీడలో వేలాడదీయండి. ఎండ కూడా రబ్బరును పాడుచేస్తుంది గనక నీడ తప్పనిసరి, లేకపోతే నేరం ఎవరిదో తేలదు. వారానికొకసారి భూతద్దంతో చూడండి. ఓజోను తిన్న రబ్బరుకు సాగిన దిక్కుకు అడ్డంగా సన్నని పగుళ్ళు వస్తవి. పెద్దరోడ్డు పక్కన ఇల్లున్న వాళ్ళూ, ఊరి చివర ఇల్లున్న వాళ్ళూ ఇద్దరూ చేసి, మీ ఊరు, వీధి, తేదీలు, ఏ వారంలో మొదటి పగులు కనపడిందో ఒక కార్డు మీద రాసి పంపండి. ఎవరి రబ్బరు ముందు పగులుతుందో నేను ఇప్పుడు చెప్పను. పైన చదివినదాన్నిబట్టి మీ ఊహ ఏమిటో కార్డు మీద ముందుగానే రాసి ఉంచుకోండి, తర్వాత దిద్దకూడదు.